ముందు నీటిమట్టం, తర్వాతే గజం రేటు

రాజమహేంద్రవరం శివార్లలో ఇల్లు చూడ్డానికి వెళ్తే మొదట చెవిన పడే అంకె గజం రేటు. బొమ్మూరు, హుకుంపేట, కాతేరు, దివాన్‌చెరువు, ఎటు వెళ్లినా మధ్యవర్తి ముందు చెప్పేది అదే, మనం బేరమాడేదీ దాని మీదే. గోదావరి డెల్టాలో ఇల్లు కొనేవారు అంతకన్నా ముందు గుర్తు తెచ్చుకోవాల్సిన అంకెలు మూడున్నాయి: 11.75, 13.75, 17.75. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఇన్ని అడుగులకు చేరినప్పుడు వరుసగా ఒకటో, రెండో, మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. వరదల రోజుల్లో పేపర్లో చదివే ఈ అంకెలు ఇల్లు కొనే రోజున ఎవరికీ తట్టవు.

‘ఏటిగట్టు ఉండగా గోదావరి మా వీధిలోకి ఎలా వస్తుంది?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వరద వస్తే మొదట మునిగేవి లంక గ్రామాలు. గట్టుకు ఇవతల ఉన్న శివార్లకు ఇబ్బంది వేరే దారిలో వస్తుంది. అదేమిటో తెలియాలంటే ముందు వరద ఎంత పెద్దదో చూడాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే సుమారు 28 లీటర్లు. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. 1986 ఆగస్టులో వచ్చింది 35 లక్షలు. డాబా మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకుతో కొలిస్తే 25 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 70 వేల ట్యాంకులు. నది అంత నిండుగా పారుతున్నప్పుడు దాని మట్టం మన మురుగు కాలువ మట్టం కన్నా పైకి లేస్తుంది. అప్పుడు కాలువ నీరు నదిలోకి దిగదు. తూము తలుపులు తీసి ఉంచితే నదే వెనక్కి తన్నుతుంది. మూసేస్తే లోపల కురిసిన వాన మోటార్లతో తోడిపోసేదాకా లోపలే నిలుస్తుంది.

ఆ వాన ఎంత ఉంటుందో చూడండి. రెండొందల గజాల స్థలం అంటే 1,800 చదరపుటడుగులు. దాని మీద ఒక రోజులో 10 సెంటీమీటర్ల వాన పడితే చేరే నీరు దాదాపు 16,700 లీటర్లు. పదెకరాల కాలనీ మొత్తం మీద లెక్కేస్తే 40 లక్షల లీటర్లు, అంటే నాలుగు వేల ట్యాంకులు. తుపాను రోజుల్లో 10 సెంటీమీటర్లు మన జిల్లాలకు కొత్త కాదు. ఆ నాలుగు వేల ట్యాంకుల నీరు ఏ కాలువలోంచి ఎటు పోవాలో, ఆ కాలువ చివర ఏముందో కాలనీలో ఎవరో ఒకరు చెప్పగలగాలి. ఎవరూ చెప్పలేకపోతే ఆ నీటికి దారి లేదనే అనుకోండి.

ఇది ఊహించుకున్న భయం కాదు. రాజమహేంద్రవరం పేదలకు ఇళ్ల స్థలాల కోసం కోరుకొండ మండలం బూరుగుపూడిలో ఆవ భూములు తీసుకున్నప్పుడు, 2020లో, ముంపు ప్రాంతంలో ఇళ్లేమిటంటూ పెద్ద వివాదం రేగి హైకోర్టు దాకా వెళ్లింది. ఆవ అంటే చుట్టుపక్కల నీరు చేరి నిలిచే లోతట్టు నేల. వరికి పనికొచ్చే ఆ గుణమే ఇంటికి పనికిరాదు. పశ్చిమాన భీమవరం వైపు చూసేవారు యనమదుర్రు డ్రెయిన్‌కు తమ వీధి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో అడగాలి. రాజమహేంద్రవరంలోనే దివాన్‌చెరువు, బొమ్మూరు వైపు మెట్ట నేల ఎక్కువ. అయినా ఆ పేర్లు చూసి నిశ్చింతగా ఉండిపోకూడదు. మెట్ట మీద పడిన వాన కూడా పక్కనున్న పల్లంలోకే దిగుతుంది. ఊరి పేరొకటే అయినా రెండు వీధుల మధ్య నాలుగడుగుల తేడా ఉండొచ్చు.

ఆ తేడా కనిపెట్టడానికి ఇంజినీరు అక్కర్లేదు. ఇంటి ముందు రోడ్డు మీద నిలబడి గడప వైపు చూడండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేస్తారు కాబట్టి పదిహేనేళ్ల కిందట రోడ్డు కన్నా రెండడుగుల ఎత్తులో కట్టిన ఇల్లు ఇప్పుడు రోడ్డుకు సమానంగా దిగిపోయి ఉండొచ్చు. తర్వాత ప్రహరీ లోపలి వైపు చూడండి. నీరు నిలిచి తీసిన చోట గోడ మీద అడ్డంగా ఒక చార ఉంటుంది. ఇంటికి రంగులు కొత్తగా వేసి ఉంటే ఫ్రిజ్ వెనక, బీరువా వెనక, మెట్ల కింద గోడ అడుగున వేలితో రాయండి. ఉప్పు పట్టి పిండిలా రాలుతుంటే ఆ గోడ చాలాకాలంగా నీరు తాగుతోందన్నమాట. ఇంటివారి కన్నా ఎదురింటివారిని, వీధి చివర కిరాణా కొట్టు ఆయనను అడిగితే మేలు. ‘ఇక్కడ మునుగుతుందా?’ అంటే చాలామంది లేదనే అంటారు. ‘మొన్న పెద్ద వానకు బళ్లు ఎక్కడ పెట్టుకున్నారండీ?’ అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

‘పల్లమైతే మెరక చేసుకుంటే సరిపోతుంది కదా’ అంటారు. చేసుకోవచ్చు, కానీ ఖర్చు లెక్కేసుకోండి. రెండొందల గజాలను నాలుగడుగులు లేపాలంటే 7,200 ఘనపుటడుగుల మట్టి కావాలి. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కాబట్టి 72 యూనిట్లు. తొక్కించాక మట్టి అణుగుతుంది, ఇంకో పాతిక శాతం కలిపితే 90 యూనిట్లు. యూనిట్‌కు 1,200 రూపాయలు పడిందనుకున్నా లక్షా ఎనిమిది వేలు. ఖాళీ స్థలానికి ఇది భరించదగ్గ ఖర్చే. కట్టేసిన ఇంటిని మాత్రం మట్టితో లేపలేం, ప్రాంగణం లేపితే ఇల్లు గుంటలో పడుతుంది. మెరక చేసిన చోట కట్టిన ఇల్లయితే పునాది పోసిన మట్టి మీద ఆగిందా, దాన్ని దాటి అసలు నేలలోకి దిగిందా అన్నది తప్పక అడగాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అందుకే అలాంటి నేలలో అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు. కిటికీ మూలల నుంచి ఐమూలగా పాకే పగుళ్లు కనిపిస్తే పునాది కదులుతోందేమోనని సివిల్ ఇంజినీరుకు చూపించండి.

ఇక కొలతలు. మన వైపు స్థలం సెంట్లలో చెబుతారు, రేటు గజాల్లో చెబుతారు. సెంటుకు 48.4 గజాలు. నాలుగు సెంట్లను ‘రెండొందల గజాలు’ అనడం అలవాటైపోయింది కానీ అది 193.6 గజాలే. గజం 15 వేల చొప్పున ఆ 6.4 గజాల తేడా 96 వేల రూపాయలు. టేపు పట్టి నాలుగు వైపులా కొలిచి, దస్తావేజులోని హద్దులతో సరిచూశాకే గుణించండి. రోడ్డు వెడల్పుకు పోయే భాగం ఉంటే దానికీ గజం రేటు ఇవ్వాల్సిన పని లేదు.

డబ్బు దగ్గరికి వద్దాం. ఉదాహరణకు ఇల్లు 60 లక్షలు అనుకుందాం. ఇది మార్కెట్ ధర కాదు, లెక్క తేలిగ్గా ఉండడానికి పెట్టుకున్న అంకె. బ్యాంకు అప్పు 30 నుంచి 75 లక్షల మధ్య ఉంటే ఇంటి విలువలో 80 శాతం మించకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. అంటే 48 లక్షల దాకా రావొచ్చు, మనం 40 తీసుకుందాం. చేతిలో 20 లక్షలుంటే చాలా? చాలదు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము 1, వెరసి ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు. ఈ మొత్తాన్ని సాధారణంగా బ్యాంకు ఇంటి విలువలో కలపదు, మనమే పెట్టుకోవాలి. మధ్యవర్తికి 1 శాతం చొప్పున 60 వేలు. రంగులు, మోటారు, కిటికీలకు దోమతెరలు, వంటింటి గట్టు మార్పులు కలిపి రెండు లక్షలు వేసుకోండి. మొత్తం సొంత డబ్బు 27 లక్షల 10 వేలు. చాలా కుటుంబాలు చివరి నెలలో బంగారం కుదువ పెట్టేది ఈ ఏడు లక్షల దగ్గరే.

నెల వాయిదా ఎంత? 40 లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు 34,713 రూపాయలు. మొదటి నెల కట్టిన దానిలో 28,333 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 6,380. ఇరవై ఏళ్లలో కట్టేది 83 లక్షల 31 వేలు, అందులో వడ్డీ 43 లక్షల పైమాటే. అదే 15 ఏళ్లకు పెట్టుకుంటే వాయిదా 39,390, వడ్డీ 31 లక్షల లోపు. నెలకు 4,700 ఎక్కువ కడితే 12 లక్షలు మిగులుతాయి. అంత కట్టలేమనుకుంటే 20 ఏళ్లకే తీసుకుని, ఏటా బోనస్సో పంట డబ్బో వచ్చినప్పుడు ఒక వాయిదా అదనంగా కట్టండి. మూడేళ్లకు పైగా ముందే అప్పు తీరుతుంది. మారే వడ్డీ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదు. ఇంకో మాట: కొత్త ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవారికి తాము ఉంటున్న ఇంటి అప్పు వడ్డీ మీద మినహాయింపు లేదు. పన్ను మిగులుతుందన్న లెక్కతో వాయిదా పెంచుకోకండి.

‘ఇంత వడ్డీ కట్టే బదులు అద్దెకుంటే?’ ఆ లెక్కా చూడాలి. అలాంటి ఇల్లే నెలకు 14 వేలకు అద్దెకు దొరుకుతుంటే ఏడాదికి లక్షా 68 వేలు. 60 లక్షల మీద అది 2.8 శాతమే. ఎనిమిదిన్నరకు అప్పు తెచ్చి 2.8 గిట్టే వస్తువు కొనడం వ్యాపారం కాదు. అందుకే నేను చెప్పేదేమంటే, పదేళ్లకు పైగా అక్కడే ఉండి, పిల్లల చదువు అక్కడే సాగేటట్టయితేనే కొనండి. నాలుగేళ్లలో బదిలీ ఉందనుకుంటే అద్దె ఇల్లే నయం. వాయిదా కుటుంబ ఆదాయంలో మూడో వంతు దాటకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. పై ఉదాహరణకు నెలకు లక్షా నాలుగు వేలు చేతికి రావాలి.

రిజిస్ట్రేషన్‌కు ముందు తప్పకుండా ఒక ప్రతిపాదన వస్తుంది: ‘కాగితంలో నలభై రాద్దాం, మిగతా ఇరవై చేతికిచ్చేయండి’. ఏడున్నర శాతం చొప్పున లక్షన్నర మిగులుతుందని ఆశపెడతారు. దీనికి అస్సలు ఒప్పుకోకండి. బ్యాంకు కాగితంలో ఉన్న 40 లక్షలను బట్టే అప్పిస్తుంది, 80 శాతం అంటే 32 లక్షలు. చేతి నుంచి పడేది ఇంకా పెరుగుతుంది. రేపు ఆ ఇల్లు అమ్మినప్పుడు మీరు కొన్నది 40కే అవుతుంది కాబట్టి ఆ ఇరవై లక్షలు కూడా లాభంలో చేరి, పన్నెండున్నర శాతం చొప్పున రెండున్నర లక్షల పన్ను పడుతుంది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదన్నది చట్టం. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం, మన ఉదాహరణలో 60 వేలు, అమ్మేవారికి ఇవ్వాల్సిన దానిలోంచి కొనేవారే పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. అమ్మే ఆయన అమెరికాలో స్థిరపడినవారైతే ఈ 1 శాతం వర్తించదు, పట్టుకోవాల్సింది చాలా ఎక్కువ ఉంటుంది. మన జిల్లాల్లో ఇది మామూలు సంగతి గనుక ముందే ఆడిటర్‌ను కలవండి.

కాగితాల్లో అందరికీ తెలిసింది ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల జాబితా. ముప్పై ఏళ్లకు తీయించండి. అయితే ఈసీ శుభ్రంగా ఉంటే ఆస్తి శుభ్రమని కాదు. రిజిస్టర్ కాని వీలునామా, నోటిమాటగా జరిగిన పంపకం అందులో కనిపించవు. డెల్టా శివార్లలో చాలా స్థలాలు నిన్నటిదాకా ఉమ్మడి కుటుంబాల పొలాలు. అందుకని ఆడపడుచుల సంతకాలు ఉన్నాయా అన్నది నేను అన్నిటికన్నా ముందు చూడమంటాను. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 2005 సవరణతో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో దాన్ని ఇంకా స్పష్టం చేసింది. ‘మా చెల్లెళ్లు ఏమీ అనరండీ’ అన్న మాటను నమ్మి కొనొద్దు, చెల్లెళ్లను సంతకానికి రమ్మనండి. వాళ్ల వాటా వాళ్లకు న్యాయంగా ముట్టడం మీకూ క్షేమమే.

కొవ్వూరు, నిడదవోలు వైపు కొనేవారికి ఇంకో సందేహం వస్తుంది. పాత లింకు డాక్యుమెంట్లలో పశ్చిమ గోదావరి జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు అవి తూర్పు గోదావరిలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కాబట్టి అలా ఉండడం సహజం, అది లోపం కాదు. అమలాపురం పాత దస్తావేజుల్లో తూర్పు గోదావరి అని ఉండడమూ అంతే. సర్వే నంబరు, హద్దులు కలిస్తే చాలు. లేఅవుట్ విషయంలో మాత్రం ‘పంచాయతీ అప్రూవల్ ఉంది’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. పట్టణ ప్రణాళిక అధికారులు ఇచ్చిన ఎల్‌పీ నంబరు అడగండి. అలాగే ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల పట్టికలో, లేదని చూసుకోండి. కోనసీమలో కొనేవారు చమురు, గ్యాస్ పైపులైను ఆ స్థలం కింద నుంచి పోతోందా అని కూడా అడగాలి. పైపు వెళ్లే మేర కట్టడానికి వీల్లేదని 1962 చట్టం చెబుతోంది, 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలిన ఘోరాన్ని ఆ సీమ మరిచిపోలేదు.

ఇంత చేసేది ప్రశాంతత కోసం కదా, అదీ కొలవొచ్చు. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. ఫోన్లో కొలిచే యాప్ కచ్చితంగా చెప్పకపోయినా తేడా చూపిస్తుంది. ఆదివారం పగలు చూసి నిర్ణయించుకోకండి. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి పది తర్వాత ఒకసారి వెళ్లండి, పక్క వీధిలో కళ్యాణ మండపం ఉంటే అప్పుడే తెలుస్తుంది. పగలు బట్టలు ఆరేసిన తీగను తడిమి చూడండి, దగ్గర్లో రైసుమిల్లు ఉంటే ఊక బూడిద వేలికి అంటుకుంటుంది. బోరు నీటిని వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో పరీక్ష చేయించండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచినీరు, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకోవచ్చన్నది జాతీయ ప్రమాణం. చేపల, రొయ్యల చెరువుల మధ్య కాలనీ అయితే ఈ పరీక్ష మానొద్దు. ఇవన్నీ బాగున్న ఇల్లు ఊరికి కాస్త దూరమైనా ఆ ఖర్చు చిన్నదే: రోజుకు అదనంగా 14 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు స్కూటర్ మీద తిరిగితే పెట్రోలుకు సుమారు 850 రూపాయలు.

అన్నీ సరిపడి బయానా ఇస్తే పది శాతం లోపే ఇవ్వండి, బ్యాంకు ఖాతాలోకే వేయండి. బ్యాంకు లాయరు అభ్యంతరం చెబితే ఇన్ని రోజుల్లో బయానా తిరిగి ఇస్తామన్న వాక్యం అగ్రిమెంటులో రాయించండి. రిజిస్ట్రేషన్ అయిన నెలలోపే ఇంటి పన్ను, కరెంటు మీటరు, కుళాయి పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. ఆ పైన మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం తప్పుల్లేకుండా ఎక్కాయో లేదో చూసుకోవడానికి ఈసీ ఇంకొక్కసారి తీయండి. తప్పు దొర్లితే సవరణ దస్తావేజు అమ్మినాయన ఊళ్లో ఉండగానే రాయించుకోవడం తేలిక.